బిజినెస్ స్కూళ్లు ప్రకటించే పీహెచ్‌డీ విజయాలను చూసి ఎక్కడ చేరాలో నిర్ణయించుకోవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు హనుమకొండలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెబుతున్నారు. యూజీసీ నెట్ పరీక్షలో మీకు పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత వచ్చింది. రెండు మూడు బిజినెస్ స్కూళ్ల వార్తాలేఖల్లో, తమ పరిశోధక విద్యార్థులూ పూర్వ విద్యార్థులూ ఇటీవల సాధించినవంటూ ఇచ్చిన పట్టికలు చూశారు. ఉత్తమ పత్రం అవార్డులు, విదేశీ సదస్సులు, జర్నల్ ప్రచురణలు, పేటెంట్లు, ఉద్యోగాలు, పదోన్నతులు అన్నీ వాటిలో కలగలిసి ఉన్నాయి. వాటిని నమ్మి ఎక్కడ చేరాలో నిర్ణయించుకోవచ్చా, వరంగల్‌లో ఉండి పరిశోధన చేసేవారికి అలాంటివి అందుతాయా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఆ పట్టికల్లో ఉన్నవి చాలావరకు నిజాలే, కానీ వాటి ఆధారంగా మాత్రమే నిర్ణయం తీసుకోవద్దు. అవి ఆ సంస్థలో కొన్నేళ్ల కిందట ఏ గైడ్ దగ్గర ఎలాంటి పని జరిగిందో చెబుతాయి. రేపు మీకు దొరకబోయే గైడ్ గురించి చెప్పవు. గత ఐదేళ్లలో అక్కడ పట్టా పొందినవారు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు, ఎన్నేళ్లకు పూర్తిచేశారు, వారి పత్రాల్లో వారి సొంత వాటా ఎంత అనే మూడు విషయాలు తెలుసుకుంటే మీకు కావలసిన సమాచారం దాదాపుగా అందినట్టే. ఇక రెండో ప్రశ్నకు, అందుతాయనే నా సమాధానం, అయితే అన్నీ కాదు.

నేను ఈ జిల్లాల్లోనే వాణిజ్య, మేనేజ్‌మెంట్ శాఖల్లో చాలాకాలం పనిచేశాను. పరిశోధకులకు గైడ్‌గా, వేరే విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలకు పరీక్షకుడిగా, అధ్యాపక నియామక కమిటీల్లో సభ్యుడిగా ఉన్నాను. కమిటీలో కూర్చున్నప్పుడు ఇలాంటి విజయాలనే అభ్యర్థుల బయోడేటాల్లో చదివి తూకం వేయవలసి వచ్చేది. కింద రాస్తున్నది ఆ అలవాటుతోనే.

మొదట కాలం సంగతి చూడాలి, ఎందుకంటే చాలామంది దీన్నే మరచిపోతారు. మేనేజ్‌మెంట్‌లో పేరున్న జర్నల్‌కు పత్రం పంపితే నిపుణులు చదివి రాసే మొదటి రివ్యూలు రావడానికే నెలలు పడుతుంది. సవరించి మళ్లీ పంపమంటారు, ఆ పంపడం రెండు మూడు విడతలు సాగుతుంది, చివరికి తిరస్కరించినా ఆశ్చర్యం లేదు. అప్పుడు మరో జర్నల్‌తో మొదటి నుంచి మొదలుపెట్టాలి. కాబట్టి ఈ ఏడాది పట్టికలో "మా విద్యార్థి పత్రం ప్రచురితమైంది" అని చూసినప్పుడు, ఆ పని నాలుగైదేళ్ల కిందట మొదలై ఉంటుందని లెక్క వేసుకోండి. ఆనాడు ఆ విద్యార్థికి గణాంక పద్ధతులు నేర్పినవారు, సమాచారాన్ని ఇచ్చిన ప్రాజెక్టు, సహరచయిత అయిన ఆచార్యుడు ఇప్పటికీ అక్కడే ఉన్నారా? సమర్థుడైన ఒక్క ఆచార్యుడు వేరే సంస్థకు మారితే, ఆయన విద్యార్థుల విజయాలు మరి కొన్నేళ్లు పాత సంస్థ పట్టికలోనే కనిపిస్తూ ఉంటాయి. ఇందులో మోసం ఏమీ లేదు, ప్రచురణ వ్యవస్థ నడక అది. చేరే మీకు మాత్రం ఆ తేడా తెలిసి ఉండాలి.

పూర్వ విద్యార్థుల విషయంలో ఈ ఎడం ఇంకా పెద్దది. ఆర్థికవేత్త యూజీన్ ఫామా షికాగో బిజినెస్ స్కూల్‌లో 1964లో డాక్టరేట్ పొందారు. స్టాక్ ధరల నడవడిపై ఆయన చేసిన ఆ సిద్ధాంత పరిశోధన 1965లోనే అచ్చయింది. నోబెల్ వచ్చింది 2013లో. మరో ఆర్థికవేత్త రాబర్ట్ విల్సన్ హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో 1963లో డాక్టరేట్ చేస్తే 2020లో నోబెల్ వచ్చింది. మన దేశంలో చూస్తే, రఘురామ్ రాజన్ 1991లో ఎంఐటీ స్లోన్ స్కూల్‌లో బ్యాంకింగ్‌పై సిద్ధాంత గ్రంథం సమర్పించి, 2013లో రిజర్వ్ బ్యాంకు గవర్నర్ అయ్యారు. షికాగోలోనే డాక్టరేట్ చేసిన కృష్ణమూర్తి సుబ్రమణియన్ హైదరాబాద్ ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ)లో ఆచార్యుడిగా ఉంటూ 2018లో కేంద్ర ప్రభుత్వ ముఖ్య ఆర్థిక సలహాదారు అయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివిన పాలెపు కృష్ణ ఎంఐటీలో మేనేజ్‌మెంట్ డాక్టరేట్ చేసి హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడయ్యారు. వీరి పేర్లు చెప్పుకోవడం ఆ సంస్థలకు గర్వకారణమే, కానీ ఈ ఏడాది చేరే విద్యార్థికి వాటివల్ల తెలిసేది తక్కువ. మీకు పనికివచ్చేది నిన్నమొన్న బయటికి వచ్చినవారి ఊరూ పేరూ లేని మామూలు వివరమే.

ఇక పట్టికలోని అంశాలను ఒక్కొక్కటిగా తూచడం. ప్రచురణల దగ్గరే కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ప్రచురణ అనే ఒకే మాట కింద నాలుగైదు దశలు దాగి ఉంటాయి. "పరిశీలనలో ఉంది" అంటే పత్రం పంపారని మాత్రమే అర్థం, ఎవరైనా పంపవచ్చు. "సవరించి మళ్లీ పంపమన్నారు" అంటే, మంచి జర్నల్ అయిన పక్షంలో, అది నిజంగా గౌరవించవలసిన దశ, ఎందుకంటే ఎక్కువ పత్రాలు అక్కడిదాకా రాకుండానే తిరిగివస్తాయి. "అంగీకరించారు" అంటే పని పూర్తయినట్టే. జర్నల్ స్థాయి తెలుసుకోవడానికి మేనేజ్‌మెంట్ రంగంలో కొన్ని జాబితాలు వాడుకలో ఉన్నాయి. ఫైనాన్షియల్ టైమ్స్ వారి యాభై జర్నళ్ల జాబితా, డల్లాస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం వారి ఇరవై నాలుగు జర్నళ్ల జాబితా, ఆస్ట్రేలియా బిజినెస్ డీన్స్ కౌన్సిల్ ఏ-స్టార్, ఏ, బీ, సీ అని నాలుగు శ్రేణులుగా విడదీసిన జాబితా వాటిలో ముఖ్యమైనవి. మన బిజినెస్ స్కూళ్లలో చివరిదాని ప్రస్తావన తరచుగా వింటారు. స్కోపస్ మాత్రం ఏ జర్నల్‌లో ఏ పత్రాలు వచ్చాయో చూపే ఒక సూచిక, శ్రేణి కాదు. అందులో ఉన్నంత మాత్రాన జర్నల్ మంచిదని హామీ లేదు, నాణ్యత తగ్గిందని కొన్నింటిని వారే తొలగిస్తూ ఉంటారు కూడా. నమ్మదగిన జర్నళ్లంటూ యూజీసీ నిర్వహించిన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో రద్దుచేశారు కనుక, "కేర్ జర్నల్" అన్న పాత ముద్ర ఇప్పుడు మీకు ఎటూ తోడ్పడదు. జర్నల్‌ను ఎంచుకునే బాధ్యత ఇప్పుడు సంస్థల మీదా గైడ్ల మీదా పడింది, అందుకే గైడ్ అభిరుచి మునుపటికంటే ఎక్కువ ముఖ్యమైంది.

రచయితల పేర్ల వరుసను కూడా చదవడం నేర్చుకోండి. ఫైనాన్స్‌లోనూ అర్థశాస్త్రంలోనూ పేర్లను సాధారణంగా అక్షరక్రమంలో వేస్తారు కాబట్టి, మొదట ఎవరున్నారన్నదానికి అక్కడ ప్రత్యేకమైన అర్థం లేదు. మార్కెటింగ్‌లో, సంస్థాగత ప్రవర్తనలో పనిలో వాటాను బట్టి వేస్తారు కాబట్టి మొదటి పేరుకు విలువ ఉంది. విద్యార్థి సిద్ధాంత గ్రంథంలోంచి వచ్చిన పత్రంలో విద్యార్థి పేరు మూడోదో నాలుగోదో అయితే, ఆ శాఖలో ఆనవాయితీ ఎలా ఉందో ఆలోచించండి.

నియామక కమిటీలో కూర్చున్నప్పుడు ఒక అభ్యర్థి విషయం నాకు బాగా గుర్తుండిపోయింది. ఆయన పత్రాల పట్టిక పేజీలకు పేజీలు ఉంది, అంతా డబ్బు కట్టించుకుని నెల తిరక్కుండా అచ్చువేసే జర్నళ్లలోనే. వాటిలో మీకు ఇష్టమైన పత్రం ఒకటి చెప్పండి, సమాచారం ఎక్కడ సేకరించారు, నమూనాను ఎలా ఎంచుకున్నారు అని విషయ నిపుణుడు మర్యాదగానే అడిగాడు. జవాబు రాలేదు. ఆయన తరువాత లోపలికి వచ్చిన అమ్మాయికి ఉన్నది ఒకటే పత్రం. దానిలోని ప్రతి పట్టికనూ ఎందుకు అలా వేసిందో చెప్పగలిగింది, రెండో రివ్యూయర్ పట్టిన తప్పును ఎలా సరిచేసిందో కూడా చెప్పింది. కమిటీ ఎవరివైపు మొగ్గిందో వేరే చెప్పనక్కరలేదు.

అవార్డుల విషయంలో చూడవలసింది ఇచ్చినవారెవరు, పోటీ ఎవరి మధ్య అన్నదే. ఇన్‌ఫర్మ్స్ అనే ఆపరేషన్స్ రీసెర్చ్ సంఘం జార్జ్ డాంట్జిగ్ పేరిట సిద్ధాంత గ్రంథానికి ఇచ్చే అవార్డు, అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్ వారు సిద్ధాంత పరిశోధన నుంచి వచ్చిన పత్రానికి విలియం న్యూమన్ పేరిట ఇచ్చే అవార్డు లాంటివి దేశదేశాల విద్యార్థులతో పోటీపడి గెలవవలసినవి. అవి పట్టికలో కనిపిస్తే తప్పకుండా ఆగి చూడండి, గైడ్ ఎవరో రాసిపెట్టుకోండి. అమెరికన్ మార్కెటింగ్ అసోసియేషన్, షేత్ ఫౌండేషన్ కలిసి నిర్వహించే డాక్టోరల్ కన్సార్టియం, అంటే పరిశోధక విద్యార్థుల సమావేశం, వేరే తరహాది. దానికి సంస్థలే తమ విద్యార్థులను ప్రతిపాదిస్తాయి. వెళ్లినవారు తమ సంస్థలో మెరుగైనవారని దాని అర్థం. అది మంచి గుర్తింపే, కానీ గెలుపు కాదు, ఆహ్వానం. ఇక నమోదు రుసుము కట్టించుకుని ప్రతి సెషన్‌లోనూ ఒకరికి "ఉత్తమ పత్రం" ధ్రువపత్రం ఇచ్చే సదస్సులు మన నగరాల్లో ఎన్ని జరుగుతాయో మీకూ తెలుసు. వాటికి వెళ్లవద్దని అనను. మొదటిసారి నలుగురి ముందు నిలబడి తన పనిని చెప్పుకోవడానికి అవి పనికివస్తాయి.

పేటెంట్ల గురించి ఒక హెచ్చరిక. మన దేశంలో పేటెంట్ దరఖాస్తు చేస్తే సాధారణంగా పద్దెనిమిది నెలల తరువాత, ముందుగా కోరుకుంటే ఇంకా త్వరగా, అధికారిక పత్రికలో ప్రచురిస్తారు. ఆ ప్రచురణకు పరీక్షతో సంబంధం లేదు. పరీక్ష జరిగి మంజూరు కావడం వేరే ఘట్టం. డిజైన్ నమోదు ఇంకా వేరు, అది వస్తువు కంటికి కనిపించే రూపానికి మాత్రమే రక్షణ ఇస్తుంది. మానవ వనరుల పరిశోధకుడి పేరు పక్కన "పేటెంట్ ప్రచురితం" అని చూసినప్పుడు, ఆయన పరిశోధనకూ ఆ వస్తువుకూ సంబంధమేమిటో అడిగి తెలుసుకోండి. నేనైతే ఆ గడిని దాటేసి ముందుకు పోతాను.

ఉద్యోగాల గడి మాత్రం అన్నిటికంటే విలువైనది, వార్తాలేఖల్లో అందరూ త్వరగా దాటేసేది కూడా అదే. అవార్డు ఒక రోజు ముచ్చట. తెలియని సంస్థ ఒకటి తన సొంత డబ్బుతో ఒకరిని నియమించుకోవడం మాత్రం ఆ శిక్షణ మీద బయటివారు చెప్పిన తీర్పు. అక్కడ కూడా హోదా పక్కనున్న మాటను చూడండి: రెగ్యులరా, కాంట్రాక్టా, గెస్టా, లేక చేరకముందు నుంచీ ఉన్న ఉద్యోగమేనా. పార్ట్ టైమ్ పరిశోధకులు ఎక్కువగా ఉన్నచోట చివరిది తరచుగా "ప్లేస్‌మెంట్" కింద లెక్కలోకి వస్తుంది. విదేశాల్లో ఉన్న పూర్వ విద్యార్థి "టెన్యూర్‌తో (శాశ్వత నియామకంతో) అసోసియేట్ ప్రొఫెసర్ అయ్యారు" అని ఒక చిన్న వాక్యం కనిపిస్తే దాన్ని చిన్నది అనుకోకండి. అమెరికాలో అది ఆరేడేళ్ల పనిని బయటి ఆచార్యులు చదివి ఇచ్చిన తీర్పు, నా లెక్కలో ఎన్నో ఉత్తమ పత్రాలకు సమానం.

పట్టికలో లేనివారిని లెక్కపెట్టండి. వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి కొనేవాడు బస్తా మూతి దగ్గరి కాయలు చూసి ధర చెప్పడు, లోపలికి చెయ్యి పోనిచ్చి అడుగు కాయలు తీసి చూస్తాడు. ఇక్కడ ఆ పని చేయడానికి ఒక సులువైన మార్గం ఉంది. కేంద్రం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం సంస్థలు సమర్పించే వివరాల్లో, ప్రస్తుతం ఉన్న పీహెచ్‌డీ విద్యార్థులు ఎంతమంది, గత మూడేళ్లలో పట్టా పొందినవారు ఎంతమంది అని ఫుల్ టైమ్, పార్ట్ టైమ్‌గా విడదీసి ఉంటుంది. ఆ పత్రాన్ని సంస్థలు బహిరంగంగా ఉంచాలి. ఉన్నవారు చాలామంది, ఏటా బయటికి వచ్చేవారు ఒకరిద్దరు అయితే, మెరిసిన ఆ ఇద్దరి వెనుక నిలిచిపోయినవారు ఉన్నారని అర్థం. సిద్ధాంత గ్రంథాల కోసం, వాటిని ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగ భాండాగారం చూడండి. మీరు అనుకుంటున్న గైడ్ దగ్గర గతంలో వచ్చిన గ్రంథాలు రెండు తెరిచి, పరిశోధన పద్ధతి అధ్యాయాన్నీ ఫలితాల అధ్యాయాన్నీ చదవండి. ఒకే ప్రశ్నావళి, ఒకే రకం శాతాల పట్టికలు, జిల్లా పేరు మాత్రమే మారిన శీర్షికలు కనిపిస్తే, మీరు రాయబోయే గ్రంథం ఎలా ఉంటుందో ముందే చూసినట్టు. ఐఐఎంలను కూడా పోల్చి చూస్తుంటే ఒక విషయం: అక్కడి పాత పరిశోధకుల పేర్ల పక్కన "ఫెలో" అని ఉంటుంది, 2018 జనవరిలో ఐఐఎంల చట్టం అమలులోకి వచ్చాకే వారు పీహెచ్‌డీ పట్టా ఇవ్వడం మొదలుపెట్టారు. పేరు వేరైనా అవి డాక్టరేట్ స్థాయి పరిశోధనలే, తక్కువగా లెక్కించకండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయమూ నిట్ కూడా మేనేజ్‌మెంట్‌లో పరిశోధన చేయిస్తాయి. కొంచెం దూరంలో కరీంనగర్‌లో శాతవాహన, నిజామాబాద్ వైపు తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్నాయి. పెద్ద బిజినెస్ స్కూల్ విద్యార్థికి ఉన్న ఖరీదైన కంపెనీ సమాచార నిధులు, విదేశీ సదస్సులకు ప్రయాణ ఖర్చులు, వారం వారం బయటి ఆచార్యుల సెమినార్లు ఇక్కడ అంతగా దొరకవు. ఫైనాన్స్‌లో అంతర్జాతీయ స్థాయి పత్రం రాయాలన్నది మీ ఆశయమైతే ఆ లోటు పెద్దదే. వీలుంటే ఫెలోషిప్‌తో ఫుల్ టైమ్‌గా ఐఐఎంకో ఐఎస్‌బీకో ప్రయత్నించండి అనే చెబుతాను.

అయితే మనకు ఉన్నది వారికి లేదు. హనుమకొండ జిల్లా ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు 1956 నుంచి నడుస్తోంది. అదే ఊరి మహిళల పాల సహకార సంఘం 2002 నుంచి ఉంది. దేశంలో ఎన్నో సహకార సంఘాలు రాజకీయాలకూ అప్పులకూ బలైపోతే ఇవి ఎలా నిలిచాయి, సభ్యులు నాయకులను ఎలా అదుపులో పెట్టుకుంటారు అన్నది సంస్థల పాలనపై పనిచేసే ఏ దేశపు జర్నల్‌కైనా ఆసక్తి కలిగించే ప్రశ్న. 2016 ఏప్రిల్‌లో వ్యవసాయ మార్కెట్లను ఆన్‌లైన్‌లో కలిపే ఈ-నామ్ మొదలైంది. నిజామాబాద్ పసుపు యార్డులో వేలం కంప్యూటర్ మీదికి మారినప్పుడు రైతుకు ధర మారిందా, కమీషన్ ఏజెంట్ పాత్ర తగ్గిందా, వేరే రూపంలో మిగిలిందా అన్నదానికి రోజువారీ ధరల రికార్డులే ఆధారం అవుతాయి. సింగరేణిలో తరతరాల ఉద్యోగ కుటుంబాలు, సిరిసిల్లలో ప్రభుత్వ ఆర్డర్ల మీద ఆధారపడ్డ మరమగ్గాలు కూడా ఇలాంటివే. ఇక్కడి భాష తెలిసి, ఆ ఊళ్లలో రెండేళ్లు తిరగగలిగిన పరిశోధకురాలికి దొరికేది అహ్మదాబాద్‌లో కూర్చున్న విద్యార్థికి దొరకదు. "వరంగల్ జిల్లాలో ఫలానా అంశం, ఒక అధ్యయనం" అన్న శీర్షిక దగ్గర ఆగిపోకుండా, ఇక్కడే ఎందుకు ఇలా జరిగింది అన్న ప్రశ్నదాకా వెళ్లాలి. నా దగ్గర పార్ట్ టైమ్‌గా పనిచేసిన ఒక జూనియర్ కళాశాల అధ్యాపకురాలు పాల సంఘాల సభ్యురాళ్ల చెల్లింపు పుస్తకాలను ఆధారం చేసుకుని పరిశోధన చేసింది. మొదటి జర్నల్ తిరస్కరించింది, కానీ ఆ రివ్యూలు ఎంత వివరంగా ఉన్నాయంటే, వాటినే పాఠంగా పెట్టుకుని మళ్లీ రాసింది. రెండోచోట అంగీకరించారు. ఇప్పుడు ఆమె రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్. ఏ వార్తాలేఖలోనూ ఆమె పేరు రాలేదు.

మీ పరిస్థితికి సంబంధించిన నిబంధనలు కొన్ని చెప్పి ముగిస్తాను. నెట్ ద్వారా మీకు వచ్చిన పీహెచ్‌డీ ప్రవేశ అర్హత ఏడాది మాత్రమే చెల్లుతుంది. ప్రవేశంలో ఆ మార్కులకు డెబ్బై శాతం, ఇంటర్వ్యూకు ముప్పై శాతం విలువ ఇస్తారు, కాబట్టి ఆలోచనకు పరిమితి పెట్టుకోండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆపైన మళ్లీ నమోదుతో రెండేళ్లు, మహిళలకు మరో రెండేళ్ల వెసులుబాటు ఉన్నాయి. పార్ట్ టైమ్‌కు మీ కళాశాల నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. చాలా ప్రైవేటు యాజమాన్యాలు దాన్ని ఇవ్వడంలో జాప్యం చేస్తాయి, ముందే అడగండి. సిద్ధాంత గ్రంథానికి ముందు తప్పనిసరిగా పత్రం ప్రచురించాలన్న షరతును ఆ నిబంధనల్లో తీసేశారు, అయితే విశ్వవిద్యాలయాలు తమ సొంత షరతులు పెట్టుకోవచ్చు. ఒక ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదు. పదవీ విరమణకు మూడేళ్లకంటే తక్కువ ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. మీ మనసులో ఉన్న గైడ్‌కు ఖాళీ ఉందో లేదో, ఆయన పదవీ విరమణ ఎప్పుడో దరఖాస్తుకు ముందే శాఖ కార్యాలయంలో అడిగితే చెబుతారు.

దరఖాస్తు చేసేముందు ఆ గైడ్ దగ్గర పూర్తిచేసిన ఒకరితో, మధ్యలో మానేసిన ఒకరితో ఫోన్‌లో మాట్లాడండి. అవార్డుల గురించి అడగకండి. అధ్యాయం రాసి ఇస్తే ఎన్నాళ్లకు చదివి తిరిగి ఇచ్చేవారు, అంచుల్లో ఏం రాసేవారు అని అడగండి.